‘ఇప్పటికి అన్‌ర్యాప్ పెట్టేయ్’ అన్నాను.. బ్యాటరీ టెస్ట్ మొత్తం గాల్లో కలిసింది!

పొద్దున్నే ఆరింటికి లేచి, కళ్లు కూడా సరిగ్గా తెరవకుండానే ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లాను. రాత్రి పదింటికి ఒక రివ్యూ ఫోన్‌కి బ్యాటరీ టెస్ట్ పెట్టి పడుకున్నాం మరి. ఫోన్ పాపం తన పని తాను చేస్తూనే ఉంది. బ్రైట్‌నెస్ 200 నిట్స్‌లో పెట్టిన ఆఫ్‌లైన్ వీడియో లూప్‌లో ఆడుతోంది, బ్యాటరీ 31 శాతం చూపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం నిమిషానికో లైన్ పడాల్సిన టెర్మినల్ ఆగిపోయి ఉంది. చివర్లో ఒకే ఒక్క మెసేజ్: ‘నన్’ విలువ మీద అన్‌ర్యాప్ పిలిచారు, ప్రోగ్రామ్ పానిక్ అయ్యింది.

రూటర్ అప్‌టైమ్ చూస్తే రెండు గంటల 48 నిమిషాలు. అంటే రాత్రి 3:12కి కరెంట్ పోయి వచ్చింది. ఒక్క నిమిషం! ఆ నిమిషంలో వైఫై లేదు, ఫోన్ దొరకలేదు, ప్రోగ్రామ్ చచ్చిపోయింది. అంతకు ముందు ఐదు గంటల రీడింగ్స్ కూడా పోయాయి. ఎందుకంటే అవన్నీ మెమరీలో పెట్టుకుని, టెస్ట్ అయ్యాక ఒకేసారి ఫైల్‌లో రాసేలా ఉంది ఆ ప్రోగ్రామ్. ఫోన్‌ని పదకొండింటికి కొరియర్ వాళ్లు తీసుకెళ్లిపోతారు. ఫుల్ ఛార్జ్ చేసి మళ్లీ మొదలుపెట్టే టైమ్ లేదు. ఆ రివ్యూ బ్యాటరీ చార్ట్ లేకుండానే పెట్టాం.

ప్రోగ్రామ్ రాసింది మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, సారీ అన్నా" అని పది సార్లు అన్నాడు. కానీ వాడి తప్పు కాదు. నాది. వాడికి రస్ట్ నేర్పింది నేనే.

అసలు నేను ఏం నేర్పాను?

ఆదివారాలు కూకట్‌పల్లిలో మా రూమ్‌లోనే నలుగురైదుగురికి రస్ట్ చెబుతుంటాను. ఇంజనీరింగ్ వాళ్లు ముగ్గురు, డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు, ఈ కుర్రాడు. ఫీజు లేదు, టిఫిన్ మాత్రం వాళ్లు తేవాలి. "బ్యాటరీ లాగర్‌కి రస్ట్ ఎందుకు, పైథాన్‌లో పది లైన్లలో అయిపోతుంది కదా" అంటారా? అయిపోతుంది, నిజమే. కానీ వాళ్లకి ఆండ్రాయిడ్ లోపలి పొరల్లో పని చేయాలని ఉంది. గూగుల్ 2021లోనే ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్ కోడ్‌లో రస్ట్‌కి సపోర్ట్ ప్రకటించింది. ఆండ్రాయిడ్‌లో బయటపడే సెక్యూరిటీ లోపాల్లో మెమరీకి సంబంధించినవి 2019లో 76 శాతం ఉంటే, 2024కి 24 శాతానికి తగ్గాయని వాళ్లే లెక్క చెప్పారు. లైనక్స్ కెర్నల్ కూడా 6.1 వెర్షన్‌తో, అంటే 2022 డిసెంబర్‌లో, రస్ట్‌కి తలుపు తీసింది. మీ జేబులో ఉన్న ఫోన్ కథే ఇది.

సరే, పాయింట్‌కి వద్దాం. రస్ట్‌లో ఫైల్ తెరిస్తే నేరుగా ఫైల్ రాదు. అక్షరాలను అంకెగా మార్చితే నేరుగా అంకె రాదు. ‘రిజల్ట్’ అనే డబ్బా వస్తుంది. అందులో ‘ఓకే’ ఉండొచ్చు, ‘ఎర్’ ఉండొచ్చు. ఒక విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అన్న చోట ‘ఆప్షన్’ వస్తుంది. అందులో ‘సమ్’ లేదా ‘నన్’. డబ్బా విప్పకుండా లోపలి వస్తువు వాడతానంటే కంపైలర్ ఒప్పుకోదు.

మొదటి క్లాసులో ఇవన్నీ చెబితే పిల్లలు భయపడతారని నేను అందరు ట్యూటర్లు చేసే పనే చేశాను. "ఇప్పటికి అన్‌ర్యాప్ పెట్టేయండి, ఎర్రర్ హ్యాండ్లింగ్ తర్వాత చూద్దాం" అన్నాను. అన్‌ర్యాప్ అంటే ‘లోపల సరుకు ఉంది, నాకు గ్యారంటీ, లేకపోతే ప్రోగ్రామ్‌ని చంపెయ్’ అని అర్థం. ఆ ‘తర్వాత’ రానే లేదు. ఓనర్‌షిప్‌కి రెండు వారాలు, బారోయింగ్‌కి మూడు వారాలు, ఆ తర్వాత సెమిస్టర్ పరీక్షలు. ఈలోగా వాళ్ల చేతికి అన్‌ర్యాప్ అలవాటైపోయింది. ఆ లాగర్‌లో లెక్కపెడితే 23 అన్‌ర్యాప్‌లు ఉన్నాయి. ఒకే లైన్‌లో మూడు ఉన్న చోటు కూడా ఉంది. రాత్రి 3:12కి పేలింది అందులో రెండోది.

రస్ట్ అధికారిక పుస్తకం కూడా రెండో అధ్యాయంలో ‘ఎక్స్‌పెక్ట్’తోనే మొదలుపెడుతుంది, ఎర్రర్ హ్యాండ్లింగ్ తొమ్మిదో అధ్యాయంలో వస్తుంది. కాకపోతే ఆ రెండో అధ్యాయం చివరికి వచ్చేసరికే, యూజర్ అంకె బదులు అక్షరాలు కొడితే ప్రోగ్రామ్ ఆగిపోకుండా మళ్లీ అడిగేలా మార్చి చూపిస్తుంది. నేను ఆ రెండో సగం స్కిప్ చేశాను. అదీ సంగతి.

దీనికంటే ఘోరం ఆ తర్వాత వారం జరిగింది

కుర్రాడు పట్టుదలగా కూర్చుని లాగర్‌ని బాగు చేశాడు. కనెక్షన్ పోతే మళ్లీ కనెక్ట్ అవ్వాలి, రీడింగ్ రాకపోతే సున్నా తీసుకోవాలి. అన్‌ర్యాప్ తీసేసి ‘అన్‌ర్యాప్ ఆర్’ పెట్టి, పక్కన 0 ఇచ్చాడు. "ఇప్పుడు ఏం జరిగినా ఆగదన్నా" అన్నాడు. నిజమే, ఆగలేదు.

ఇంకో ఫోన్ మీద గంట సేపు గేమింగ్ టెస్ట్ పెట్టాం. ఐదు సెకన్లకొకసారి బ్యాటరీ ఉష్ణోగ్రత తీసుకుంటుంది, మొత్తం 720 రీడింగ్స్. చివర్లో సగటు వచ్చింది: 36.7 డిగ్రీలు. నేను సంతోషంగా రివ్యూ డ్రాఫ్ట్‌లో "గంట సేపు ఆడినా ఫోన్ చల్లగానే ఉంది, ఈ ధరలో ఇది పెద్ద ప్లస్" అని రాసేశాను. ఆ ప్లస్ మీద హెడ్డింగ్ కూడా ఆలోచించాను.

డిగ్రీ అమ్మాయి ఫోన్‌ని చేతిలోకి తీసుకుని "అన్నా, ఇది కాలిపోతోంది కదా" అంది.

కూర్చుని రీడింగ్స్ ఒక్కొక్కటీ చూశాం. 720లో 108 సున్నాలు! గేమ్ ఆడుతున్నప్పుడు వైఫై కనెక్షన్ మధ్యమధ్యలో జారిపోయింది. జారిన ప్రతిసారీ మా ప్రోగ్రామ్ ‘ఫోన్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు’ అని నమ్మకంగా రాసుకుంది. హైదరాబాద్‌లో, ఏప్రిల్‌లో. ఆ సున్నాలు తీసేసి మిగిలిన 612 రీడింగ్స్‌తో లెక్క వేస్తే అసలు సగటు 43.2 డిగ్రీలు. చల్లని ఫోన్ కాదు, వేడెక్కే ఫోన్.

ఆ అమ్మాయి ఫోన్ ముట్టుకోకపోయి ఉంటే ఆ రివ్యూ అలాగే వెళ్లేది. పార్ట్‌టైమ్ చేసి డబ్బులు దాచుకున్న ఎవరో ఒకరు మా మాట నమ్మి కొనేవారు. మొదటి ప్రోగ్రామ్ కనీసం నిజాయితీగా చచ్చిపోయింది. రెండోది బతికుండి అబద్ధం చెప్పింది. నన్ను అడిగితే రెండోదే ప్రమాదం. బిగినర్లకి ఈ తేడా చెప్పకుండా ‘క్రాష్ కాకుండా చూడు’ అని మాత్రమే చెబితే వాళ్లు సరిగ్గా ఇదే చేస్తారు.

ఇది మా రూమ్‌లో మాత్రమే జరిగే కథ కాదు

పాత ఐఫోన్ వాడినవాళ్లకి 2014 ఫిబ్రవరిలో హడావుడిగా వచ్చిన ఐఓఎస్ 7.0.6 అప్‌డేట్ గుర్తుండొచ్చు. దాని వెనక ఉన్నది సీ భాషలో రాసిన ఎర్రర్ హ్యాండ్లింగ్ కోడే. సీలో రిజల్ట్ లాంటి డబ్బాలు లేవు. ఫంక్షన్ ఒక అంకె తిరిగి ఇస్తుంది, 0 అంటే అంతా బాగుంది, వేరేది అంటే తేడా. చూడాల్సిన బాధ్యత మనది. చూడకపోయినా మామూలుగా కంపైలర్ ఏమీ అనదు.

సురక్షిత కనెక్షన్ పెట్టేటప్పుడు అవతలి సర్వర్ నిజమైనదో కాదో చూసే కోడ్ అది. వరసగా కొన్ని చెక్‌లు ఉంటాయి. ఏ చెక్ ఫెయిల్ అయినా ‘గోటూ ఫెయిల్’ అని కిందికి దూకాలి. ఒక చోట ఆ లైన్ రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేవు కాబట్టి రెండో లైన్ ఏ షరతూ లేకుండా ప్రతిసారీ నడిచింది. అసలైన చివరి చెక్ చేయకుండానే కిందికి దూకేసింది. అప్పటికి ఎర్రర్ వేరియబుల్‌లో ఉన్నది 0. సీలో 0 అంటే సక్సెస్! పేరేమో ‘ఫెయిల్’, తిరిగి ఇచ్చింది ‘పాస్’. అదే నెట్‌వర్క్‌లో ఉన్న దొంగ మధ్యలో దూరి తానే బ్యాంక్ సర్వర్‌ని అని చెప్పుకునే అవకాశం ఇచ్చిన బగ్ అది. మా సున్నా డిగ్రీల కథకి పెద్దన్న.

ఇంకా వెనక్కి వెళ్తే 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం. 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలో ఇరికించబోతే పట్టలేదు. ఆ ఎర్రర్‌ని పట్టుకునే కోడ్ అక్కడ లేదు. ఎగిరిన 40 సెకన్ల లోపే రాకెట్ దారి తప్పి ముక్కలైంది. ఆ ప్రోగ్రామ్ రాసిన ఏడా భాష భద్రతకి పేరున్నదే. భాష మంచిదైతే సరిపోదన్నమాట.

ఇప్పుడు ఎలా మొదలుపెడుతున్నాను?

అన్‌బాక్సింగ్‌తో. గ్యాడ్జెట్ సైట్ నడిపేవాడికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది!

ఆన్‌లైన్‌లో ఫోన్ ఆర్డర్ పెట్టావు, డబ్బా వచ్చింది. లోపల ఫోన్ ఉండొచ్చు, సబ్బు బిళ్ల కూడా ఉండొచ్చు. అన్‌ర్యాప్ అంటే డబ్బా తీసుకుని, డెలివరీ బాయ్‌ని పంపించేసి, కళ్లు మూసుకుని చింపడం. సబ్బు వస్తే అక్కడే కుప్పకూలడం. ‘మ్యాచ్’ అంటే ఓపెన్ బాక్స్ డెలివరీ. అతని ముందే విప్పుతావు. ఫోన్ ఉంటే ఇది చేస్తాను, లేకపోతే అది చేస్తాను, రెండూ ముందే చెప్పాలి. ఒకటి మర్చిపోతే కంపైలర్ కదలనివ్వదు. ఇక ప్రశ్న గుర్తు ‘?’ ఉంది చూశారూ, అది ఆఫీసులో పార్శిల్ తీసుకున్న రిసెప్షనిస్ట్ లాంటిది. ఫోన్ ఉంటే తీసి పని కానిస్తుంది. తేడా ఉంటే తను గొడవ పెట్టుకోదు, ఆర్డర్ పెట్టినవాళ్లకి అలాగే పంపిస్తుంది. అంటే ఈ ఫంక్షన్‌ని పిలిచిన ఫంక్షన్‌కి. 2016 నవంబర్‌లో 1.13 వెర్షన్‌తో ఈ గుర్తు వచ్చింది. అంతకు ముందు ‘ట్రై’ అనే మ్యాక్రో ఉండేది, ఒకదానిలో ఒకటి దూర్చి రాస్తే చదవడం నరకం.

సున్నా మాటేమిటి? ఫోన్ బదులు సబ్బు వచ్చినా ‘ఫోన్ అందింది’ అని రాసుకోవడం. ఈ ముక్క చెప్పగానే కుర్రాడు తల పట్టుకున్నాడు.

ఉదాహరణలు అయ్యాక కోడ్ రాసే ముందు ఒక పని చేయిస్తాను. కాగితం మీద, కీబోర్డ్ ముట్టుకోకుండా, ‘ఇందులో ఏమేం తేడా కొట్టొచ్చు’ అని రాయమంటాను. ఫోన్ నుంచి బ్యాటరీ శాతం తెచ్చే చిన్న ఫంక్షన్‌కే వాళ్లు ఏడు రాశారు: ఏడీబీ ఇన్‌స్టాల్ అయ్యి ఉండకపోవచ్చు, ఫోన్ ఆఫ్‌లైన్‌లో ఉండొచ్చు, రెండు ఫోన్లు కనెక్ట్ అయ్యి ఉండొచ్చు, అవుట్‌పుట్‌లో ‘లెవెల్’ అనే లైన్ లేకపోవచ్చు.. ఇలా. ఇందులో ఒకటి నాకే తట్టలేదు. ఏడీబీ కమాండ్ నడిచింది కాబట్టి రస్ట్ ‘ఓకే’ ఇస్తుంది. కానీ నడవడం వేరు, పని అవ్వడం వేరు. ఏడీబీ ‘డివైస్ ఆఫ్‌లైన్’ అని చెప్పి ముగిసినా, ప్రోగ్రామ్ నడిచింది కాబట్టి డబ్బాలో ‘ఓకే’యే ఉంటుంది. ఎగ్జిట్ స్టేటస్ విడిగా చూడాలి. యూపీఐలో ‘రిక్వెస్ట్ పంపించాం’ అంటే డబ్బు చేరినట్టు కాదుగా, అలా.

కోడ్‌లో అందరూ మొదట పడే గుంట ఒకటుంది. యూజర్‌ని అంకె అడిగి, చదివి, మార్చబోతే ‘స్ట్రింగ్‌లో చెల్లని అంకె ఉంది’ అని ఎర్రర్. "నేను 42 అనే కొట్టానన్నా, ఒట్టు!" అంటారు. కొట్టింది 42 మాత్రమే కాదు, దాని తర్వాత ఎంటర్ కూడా. ఆ కొత్త లైన్ అక్షరం 42కి అతుక్కుని వస్తుంది. ‘ట్రిమ్’ పెడితే సరి. ఇది నేను ముందుగా చెప్పను, పడనిస్తాను. ఎర్రర్ మెసేజ్‌ని తిట్టులా కాకుండా సమాచారంలా చదవడం వాళ్లకి ఇక్కడే అలవాటవుతుంది.

రెండో గుంట ‘?’ది. సంబరంగా ‘మెయిన్’ ఫంక్షన్‌లో పెడతారు. కంపైలర్ ఆపేస్తుంది. రిజల్ట్ గానీ ఆప్షన్ గానీ తిరిగి ఇచ్చే ఫంక్షన్‌లోనే ఈ గుర్తు వాడాలంటుంది. రిసెప్షనిస్ట్ పార్శిల్ ఎవరికి పంపాలి, పైన ఎవరూ లేరే! మెయిన్ కూడా రిజల్ట్ తిరిగి ఇస్తుందని రాస్తే ఒప్పుకుంటుంది. 2018 నుంచి ఈ సౌకర్యం ఉంది.

మూడోది కొంచెం లోతు. అన్ని చోట్లా ‘?’ పెట్టేసి ‘అయిపోయింది’ అనుకుంటారు. ఫైల్ లేకపోతే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని వస్తుంది. ఏ ఫైల్? అది చెప్పదు. రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీ ఇచ్చే ఈ ఎర్రర్‌లో ఫైల్ పేరు ఉండదు. నాలుగు ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్‌లో అర్ధరాత్రి ఈ మెసేజ్ వస్తే ఏం ఉపయోగం? అందుకే ‘మ్యాప్ ఎర్’తో పేరు కలిపి పైకి పంపమంటాను. ‘ఎనీహౌ’ అనే లైబ్రరీ వాడితే ఈ పని తేలిక. కానీ మొదటి నెల నేను దాన్ని చూపించను. తమ ప్రోగ్రామ్‌కి ఎన్ని రకాల ఎర్రర్లు ఉన్నాయో ఒక ఈనమ్‌గా ఒక్కసారైనా చేత్తో రాయాలి. తర్వాత ఏ లైబ్రరీ వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇది నా మొండితనమే అనుకోండి.

మరి అన్‌ర్యాప్ వాడటమే పాపమా?

2025 నవంబర్ 18 సాయంత్రం, మన టైమ్ ప్రకారం 4:50 నుంచి, ఎక్స్, చాట్‌జీపీటీతో సహా చాలా సైట్లు ఎర్రర్ పేజీలు చూపించాయి కదా. కారణం క్లౌడ్‌ఫ్లేర్ తనే వివరంగా రాసింది. ఒక డేటాబేస్‌లో పర్మిషన్లు మార్చారు. దాంతో ఒక క్వెరీ ప్రతి వరసనీ డబుల్‌గా ఇచ్చింది. బాట్‌లని గుర్తించే ఫీచర్ల ఫైల్ సైజ్ పెరిగింది. ఆ ఫైల్ చదివే రస్ట్ కోడ్‌లో 200 ఫీచర్లకి మించకూడదని పరిమితి ఉంది. మించింది, ఎర్రర్ వచ్చింది, ఆ ఎర్రర్ మీద అన్‌ర్యాప్ ఉంది. పానిక్! మొదట పెద్ద సైబర్ దాడి ఏమోనని అనుమానపడ్డారు కూడా.

ఆ వారం మా క్లాసుకి అందరూ నవ్వుతూ వచ్చారు. "అన్నా, మన లాగర్ బగ్‌ యే" అని. అవును, అదే. కానీ అక్కడ అన్‌ర్యాప్ తీసేసి ‘?’ పెట్టినంత మాత్రాన సమస్య తీరదు. ఎర్రర్ పైకి వెళ్తుంది, పైన ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. కొత్త ఫైల్ చెడిపోతే పాతదాన్నే వాడాలా? ఆ ఫీచర్‌ని పక్కన పెట్టి మిగతా ట్రాఫిక్‌ని వదలాలా? గంట సేపు దీని మీదే వాదించుకున్నారు. నా క్లాసుల్లో అదే బెస్ట్ గంట, నేను నోరు తెరిచింది కూడా తక్కువే.

అన్‌ర్యాప్‌ని పూర్తిగా నిషేధించమని చెప్పను. టెస్టుల్లో హాయిగా వాడండి. కోడ్‌లో మనమే చేత్తో రాసిన ‘80’ అనే అక్షరాలని అంకెగా మార్చేటప్పుడు అది ఫెయిల్ అయ్యే దారే లేదు, అక్కడా పర్లేదు. అప్పుడు కూడా ‘ఎక్స్‌పెక్ట్’ వాడి కారణం ఒక వాక్యంలో రాస్తే మేలు. జరగకూడనిది జరిగితే, అంటే మన లాజిక్కే తప్పయితే, పానిక్ అవ్వడమే న్యాయం. కెర్నల్ లోపల మాత్రం ఆ లెక్క వేరు. 2021లో రస్ట్‌ని లైనక్స్‌లోకి తెచ్చే ప్యాచ్‌లు మొదటిసారి వచ్చినప్పుడు, మెమరీ దొరకకపోతే పానిక్ అవ్వడం కుదరదని లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే అడ్డుకున్నారు. ఆ తర్వాత కెర్నల్ కోసం, మెమరీ దొరకకపోతే ఎర్రర్ తిరిగి ఇచ్చే పద్ధతులు తయారు చేసుకున్నారు. అలవాటు తప్పకుండా ఉండాలంటే ‘క్లిప్పీ’లో అన్‌ర్యాప్ యూజ్డ్ అనే లింట్ ఆన్ చేసుకోండి, ప్రతి అన్‌ర్యాప్ దగ్గరా గుర్తుచేస్తుంది.

ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ పెట్టుకుని రస్ట్ ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. నా స్టూడెంట్లలో ఒకడు మొదటి రెండు నెలలు అలాగే నేర్చుకున్నాడు. స్టోరేజ్ కాస్త ఖాళీ చేసుకోండి, ప్యాకేజ్ పెద్దది. అది కూడా వద్దంటే బ్రౌజర్‌లో రస్ట్ ప్లేగ్రౌండ్ తెరిస్తే చాలు.

మా లాగర్ ఇప్పుడు మూడో వెర్షన్‌లో ఉంది. ప్రతి రీడింగ్‌నీ వచ్చిన వెంటనే ఫైల్‌లో రాస్తుంది. రాని రీడింగ్‌ని ‘రాలేదు’ అనే రాస్తుంది, కారణంతో సహా, సగటులో కలపదు. పదో వంతు కంటే ఎక్కువ రీడింగ్స్ మిస్ అయితే అసలు సగటే చూపించదు, టెస్ట్ మళ్లీ పెట్టమంటుంది. ఆ పదో వంతు నిబంధన డిగ్రీ అమ్మాయిది. మా రివ్యూల్లో బ్యాటరీ చార్ట్ కింద ఈ మధ్య చిన్న అక్షరాల్లో ‘602 రీడింగ్స్, 11 రాలేదు’ లాంటి లైన్ కనిపిస్తోందని గమనించి ఉంటారు. దాన్ని తీసేస్తే చార్ట్ నీట్‌గా ఉంటుందని నేను ఒకసారి అన్నాను. కుర్రాడు ఒప్పుకోలేదు.